వినే పిల్లలకూ బధిర పిల్లలకూ ఇంగ్లీషు వ్యాకరణం పట్టుబడేందుకు ఎలా తోడ్పడాలి

ఇంగ్లీషులో ‘స్’ అనే ఒక్క చిన్న శబ్దం మూడు పనులు చేస్తుంది. ‘క్యాట్స్’ అన్నప్పుడు పిల్లులు ఒకటి కంటె ఎక్కువ ఉన్నాయని చెబుతుంది. ‘క్యాట్స్ టెయిల్’ అన్నప్పుడు ఆ తోక ఎవరిదో చెబుతుంది. ‘షీ ఈట్స్’ అన్నప్పుడు తింటున్నది నేనూ కాదు, నువ్వూ కాదు, మరొకరు అని చెబుతుంది. వినగలిగే పిల్లలు ఈ మూడింటినీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే, వేర్వేరు వయసుల్లో, దాదాపు ఒకే వరుసలో పట్టుకుంటారు. వినికిడి లోపం ఉన్న బిడ్డకు ఆ ఒక్క శబ్దం చేరకపోతే మూడు నియమాలూ ఒకేసారి కనుమరుగవుతాయి. అటువంటి బిడ్డకు వ్యాకరణం రావడం లేదని మనం అనుకుంటాం, కాని నిజానికి వ్యాకరణం ఆ బిడ్డ దాకా వెళ్లడం లేదు.

ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలతో రోజూ గడిపే తల్లిదండ్రుల కోసం, ఉపాధ్యాయుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. మీ దగ్గర ఉన్న బిడ్డకు వినికిడి పూర్తిగా ఉండవచ్చు, కొంత ఉండవచ్చు, బొత్తిగా లేకపోవచ్చు. ఏ సందర్భంలోనైనా పని జరగవలసిన క్రమం ఒకటే. ముందుగా భాష బిడ్డకు ఎంతవరకు చేరుతోందో చూడాలి, తరువాత బిడ్డ ఇప్పుడు ఏ దశలో ఉందో గమనించాలి, ఆ రెండూ తెలిశాకనే సాయానికి పూనుకోవాలి. చాలామంది ఈ క్రమాన్ని తిరగవేసి తప్పులు దిద్దడంతో మొదలుపెడతారు. అలా గడిచిన నెలలు బిడ్డకు విసుగును, పెద్దలకు నిరాశను మిగల్చడమే నేను ఎక్కువగా చూశాను.

మొదటి మెట్టు: ఏది చేరుతోందో, ఏది చేరడం లేదో తెలుసుకోండి

బిడ్డ వినికిడి యంత్రం గాని, కాక్లియర్ ఇంప్లాంట్ (శస్త్రచికిత్సతో లోపలి చెవిలో అమర్చి, వినికిడి నాడికి నేరుగా సంకేతాలు పంపే పరికరం) గాని వాడుతుంటే, ప్రతి ఉదయం దాన్ని పెట్టిన వెంటనే రెండు నిమిషాలు పట్టే ఒక పరీక్ష చేయండి. డేనియల్ లింగ్ రూపొందించిన ఈ పరీక్షలో ఆరు శబ్దాలు ఉంటాయి: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. ఇవి తక్కువ ఫ్రీక్వెన్సీ (బరువైన ధ్వని) నుంచి ఎక్కువ ఫ్రీక్వెన్సీ (సన్నని ధ్వని) వరకు మనం మాట్లాడే ధ్వనుల పరిధినంతా తడిమి చూస్తాయి. మీ పెదవులు బిడ్డకు కనిపించకుండా పక్కన గాని వెనుక గాని నిలబడి, మామూలు గొంతుతో, ముందు ఒక మీటరు దూరం నుంచి, తరువాత మూడు మీటర్ల దూరం నుంచి ఒక్కొక్క శబ్దమే పలకండి. నోటికి చెయ్యి అడ్డం పెట్టకండి, దానివల్ల శబ్దమే మారిపోతుంది. వరుసను రోజూ మార్చండి. రెండు శబ్దాల మధ్య విరామాన్ని కూడా మార్చాలి, లేకపోతే బిడ్డ వినకుండానే లయను బట్టి స్పందించడం నేర్చుకుంటుంది. చిన్న బిడ్డ అయితే శబ్దం విన్న ప్రతిసారీ ఒక బిళ్లను డబ్బాలో వేయమనండి, పెద్ద బిడ్డ అయితే విన్నది తిరిగి పలకమనండి.

మిగిలిన అయిదూ వినిపించి ‘స్’ మాత్రమే వినిపించకపోతే, బిడ్డ మాటల్లో బహువచనం ఎందుకు కనిపించడం లేదో అప్పుడే మీకు సగం తెలిసిపోయినట్లు. ఈ శబ్దపు శక్తి అధిక భాగం 4000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది, స్త్రీల గొంతులోనూ పిల్లల గొంతులోనూ ఇంకా పైకి వెళుతుంది. వినికిడి యంత్రాలకు అందించడం కష్టమైన ప్రాంతం సరిగ్గా అదే. చిన్న బిడ్డ చుట్టూ రోజంతా ఎక్కువగా వినిపించేవి కూడా స్త్రీల గొంతులు, పిల్లల గొంతులే కదా. ఫలితాన్ని తేదీ వేసి రాసుకొని ఆడియాలజిస్టుకు (వినికిడి నిపుణులకు) చూపండి. యంత్రపు అమరికను సరిచేయడానికి మీ పుస్తకంలోని ఆ నాలుగు గీతలు ఎంతో పనికి వస్తాయి.

దూరం సంగతి కూడా మరవకండి. ఆరుబయట దూరం రెండింతలైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. గదిలో గోడల ప్రతిధ్వనీ ఇతర శబ్దాలూ కలిసి, మాటలోని బలహీనమైన భాగాలను ముందుగా కమ్మేస్తాయి. ఇంగ్లీషు వ్యాకరణం చాలావరకు ఆ బలహీనమైన భాగాల్లోనే ఉంది: ‘ద’, ‘అ’, ‘ఈజ్’, ‘టు’, మాట చివరి ‘స్’, ‘డ్’. పెదవుల కదలికను చూసి గ్రహించడం కొంత తోడ్పడుతుంది గాని, నోటి లోపల పుట్టే శబ్దాలను పెదవులు చూపలేవు.

సంకేత భాష వాడే బిడ్డ విషయంలో ఇదే ప్రశ్నను కంటి వైపు నుంచి అడగాలి. బిడ్డ మీ వైపు చూసే దాకా ఆగి సైగ చేస్తున్నారా? వెలుతురు మీ ముఖం మీద పడుతోందా, మీ వెనుక నుంచి వచ్చి బిడ్డ కళ్లను మిరుమిట్లు గొలుపుతోందా? అన్నిటికంటె ముఖ్యంగా, ఇంట్లో మిగతావాళ్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు కూడా సైగలు వాడుతున్నారా? వినే బిడ్డ తనతో ఎవరూ మాట్లాడకపోయినా, పక్క గదిలో పెద్దవాళ్ల సంభాషణ నుంచి బోలెడంత భాషను ఏరుకుంటుంది. ఆ అవకాశం బధిర బిడ్డకు దానంతట అది దొరకదు, మనం కల్పించాలి.

రెండవ మెట్టు: మొదటి భాషను ఆలస్యం కానివ్వకండి

ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతా మెట్లన్నీ దీని మీదే నిలబడతాయి.

బధిర పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. ఆ తల్లిదండ్రులకు సాధారణంగా సంకేత భాష రాదు, వాళ్లు మాట్లాడే భాష బిడ్డకు వినపడదు. ఇద్దరి మధ్య ప్రేమకు లోటు ఉండదు గాని, భాష మాత్రం నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి ఉండదు. అందుకే పుట్టిన నెలలోగా వినికిడి పరీక్ష, మూడు నెలలలోగా నిర్ధారణ, ఆరు నెలలలోగా తోడ్పాటు మొదలు కావాలని నిపుణులు లక్ష్యంగా పెట్టుకున్నారు. ఆరు నెలలలోపు లోపాన్ని గుర్తించిన పిల్లలు, తరువాత గుర్తించిన పిల్లల కంటె భాషలో స్పష్టంగా ముందున్నారని 1998లో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం చూపింది.

సంకేత భాష నేర్పితే ఇంగ్లీషు రాదేమోనన్న భయం చాలామందిలో ఉంది. ఆ భయానికి ఆధారం లేదని చెప్పే పరిశోధనల్లో నాకు బలమైనదిగా తోచేది రేచెల్ మేబెరీ, ఆమె సహచరులు 2002లో ప్రచురించినది. పసితనం నుంచే సంకేత భాష నేర్చిన బధిరులు పెద్దయ్యాక ఇంగ్లీషు వ్యాకరణ పరీక్షల్లో, పుట్టుకతో మరో మాట్లాడే భాష నేర్చి తరువాత ఇంగ్లీషు నేర్చిన వినే మనుషులకు దీటుగా నిలిచారు. చిన్నతనంలో ఏ భాషా సరిగా అందని బధిరులు మాత్రం చాలా వెనుకబడ్డారు. ముందుగా ఏదో ఒక భాష పూర్తిగా అందితే దాని మీద ఇంగ్లీషును కట్టవచ్చు. ఏ భాషా అందకుండా గడిచిన కాలాన్ని తరువాత పూడ్చడం మాత్రం చాలా కష్టం.

బిడ్డ మెదడుకు భాష చెవి ద్వారా వచ్చిందా, కంటి ద్వారా వచ్చిందా అన్నది పెద్ద తేడా కాదని చెప్పడానికి మరొక సాక్ష్యం ఉంది. సంకేత భాష చూస్తూ పెరిగే బధిర శిశువులు, వినే శిశువులు ‘బబ్బబ్బ’ అన్నట్లే, అర్థం లేని చేతి ఆకారాలను లయబద్ధంగా పదే పదే చేస్తారని 1991లో లారా ఆన్ పెటిటో, పౌలా మారెంటెట్ చూపారు. అంటే చేతులతో ముద్దుమాటలు ఆడతారన్నమాట.

కనుక మీరు చేయవలసినది ఇది. ఈ రోజున, ఉన్నది ఉన్నట్లుగా, బిడ్డకు ఏ దారిలో భాష పూర్తిగా చేరుతుందో ఆ దారిలో ఇవ్వడం మొదలుపెట్టండి. ఇంప్లాంట్ శస్త్రచికిత్స కోసం ఎదురుచూస్తున్నా సరే, ఆ నెలలు ఖాళీగా పోనివ్వకండి. మీకు వచ్చిన సైగలు ఇరవయ్యే అయినా వాటితో మొదలుపెట్టి, సంకేత భాష సహజంగా మాట్లాడే బధిర పెద్దలతో బిడ్డ వారంలో కొన్ని గంటలైనా గడిపేలా చూడండి. మాటా సంకేతమా అన్నది ఒకదాన్ని వదిలి మరొకదాన్ని ఎంచుకోవలసిన విషయమని నేను అనుకోను.

మూడవ మెట్టు: వినే పిల్లలు నడిచే దారిని తెలుసుకోండి

బధిర బిడ్డకు సాయం చేయాలన్నా ముందు ఈ దారి తెలియాలి. హార్వర్డ్‌లో రోజర్ బ్రౌన్ ముగ్గురు పిల్లల మాటలను ఏళ్ల తరబడి నమోదు చేసి, 1973లో ఫలితాలను ప్రచురించాడు. పరిశోధనలో ఆ పిల్లలకు ఆడమ్, ఈవ్, సారా అని పేర్లు పెట్టారు. ఇంగ్లీషులోని పద్నాలుగు చిన్న వ్యాకరణ భాగాలు వాళ్లకు ఏ వరుసలో వచ్చాయో ఆయన చూశాడు. ముందు ‘ప్లేయింగ్’లోని ‘ఇంగ్’ వచ్చింది. తరువాత ‘ఇన్’, ‘ఆన్’, ఆ పైన బహువచనపు ‘స్’, తరువాత ‘వెంట్’, ‘కేమ్’ వంటి సక్రమం కాని భూతకాల రూపాలు, ఎవరిదో చెప్పే ‘స్’ వచ్చాయి. ‘అ’, ‘ద’ అనే ఆర్టికల్స్ వాటి తరువాత, ‘వాక్డ్’ వంటి సక్రమ భూతకాలం ఇంకా తరువాత వచ్చాయి. ‘షీ వాక్స్’లోని ‘స్’ దాని వెనుక వచ్చింది. ‘హీజ్ రన్నింగ్’ అన్నప్పుడు కుదించుకుపోయే ‘ఈజ్’ అన్నిటికంటె చివర వచ్చింది.

వేగం మాత్రం బిడ్డకూ బిడ్డకూ చాలా తేడాగా ఉంది. ఈవ్ మిగతా ఇద్దరికంటె ఎంతో ముందుగా నడిచింది. కాని వరుస దాదాపు మారలేదు. అందువల్ల మీ బిడ్డను పక్కింటి బిడ్డ వయసుతో పోల్చకండి, ఈ వరుసలో ఎక్కడ ఉందో చూడండి.

గమనించారా, ఒకే ‘స్’ శబ్దం మూడు వేర్వేరు కాలాల్లో వచ్చింది. బహువచనంగా ముందు, ఎవరిదో చెప్పడానికి తరువాత, క్రియ చివర చాలా ఆలస్యంగా. నోటికి ఆ శబ్దం ఎప్పుడో వచ్చేసింది, ఆలస్యమైనది దాని పని అర్థం కావడం. బహువచనం కంటికి కనిపించే విషయం, రెండు బంతులు ఎదురుగా ఉంటాయి. ‘వాక్స్’లోని ‘స్’ ఎవరు నడుస్తున్నారో చెబుతుంది గాని, ఆ సంగతిని ‘షీ’ అనే మాట అప్పటికే చెప్పేసింది. ఇంకొక కారణం ధ్వనికి సంబంధించినది. ఇంగ్లీషులో వాక్యం చివర పడిన మాట కొంచెం సాగుతుంది. నామవాచకాలు తరచుగా వాక్యం చివర పడతాయి కనుక బహువచనపు ‘స్’ పొడవుగా వినిపిస్తుంది, క్రియలు మధ్యలో పడతాయి కనుక వాటి ‘స్’ పొట్టిగా జారిపోతుంది. ఈ విషయం ఆరవ మెట్టులో మనకు నేరుగా పనికి వస్తుంది.

పలకడానికి ముందే వినడం మొదలవుతుందని కూడా గుర్తుంచుకోండి. పద్దెనిమిది నెలల వినే బిడ్డ ‘ఈజ్ బేకింగ్’ అనే సరైన జతనూ, ‘క్యాన్ బేకింగ్’ అనే కుదరని జతనూ వేరుగా వింటుంది. అప్పటికి తన నోట రెండు మాటలు కలిసి రావడం అప్పుడప్పుడే మొదలై ఉంటుంది. చెవి చేసే ఈ నిశ్శబ్దమైన పని అంతా వినికిడి లోపం ఉన్న బిడ్డకు తప్పిపోతుంది.

నాలుగవ మెట్టు: బిడ్డ మాటలను రాసి లెక్కించండి

ఆటలోనో బొమ్మల పుస్తకం చూసేటప్పుడో అరగంట రికార్డు చేసి, బిడ్డ పలికిన వాక్యాలను వంద దాకా ఉన్నదున్నట్లు రాయండి. దిద్దకండి, పూరించకండి. తరువాత బహువచనం వంటి ఒక భాగాన్ని ఎంచుకొని, పెద్దవాళ్ల ఇంగ్లీషులో అది తప్పనిసరిగా ఉండవలసిన చోట్లన్నిటికీ గుర్తు పెట్టండి. అటువంటి చోట్లు ఇరవై ఉండి, బిడ్డ పద్నాలుగింటిలో పలికిందనుకుందాం. అప్పుడు అది నూటికి డెబ్బై. బ్రౌన్ పెట్టిన గీత నూటికి తొంభై, అదీ వరుసగా కొన్ని నమూనాల్లో నిలకడగా ఉండాలి. నూటికి ఇరవై నుంచి డెబ్బై దాకా ఉన్న భాగాలే మీరు ఇప్పుడు తోడ్పడవలసినవని నా అనుభవం చెబుతుంది. తొంభై దాటినది బిడ్డకు వచ్చేసింది. సున్నా దగ్గర ఉన్నదాన్ని ఇంకొంత కాలం వినిపిస్తూ, చూపిస్తూ ఉంటే చాలు.

వాక్యపు సగటు పొడవును కూడా లెక్కించండి, కాని మాటలను కాదు, అర్థం ఉన్న ముక్కలను. ‘టూ డాగ్స్ రన్నింగ్’ అన్నది మూడు మాటలే అయినా అందులో టూ, డాగ్, స్, రన్, ఇంగ్ అని అయిదు ముక్కలు ఉన్నాయి.

సంకేత భాష వాడే బిడ్డ సైగలను ఇంగ్లీషు మాటలుగా మార్చి రాసి, అందులో ‘ఈజ్’ లేదు, ‘ద’ లేదు అని ఎంచకండి. అది బిడ్డకు అన్యాయం. ఆ నమూనాను సంకేత భాష తెలిసినవారి చేత, ఆ భాష వ్యాకరణాన్ని బట్టి చూపించండి. చదవడం వచ్చిన పిల్లల ఇంగ్లీషును వాళ్లు రాసిన వాక్యాల్లో లెక్కించండి.

ఐదవ మెట్టు: తప్పులను చదవడం నేర్చుకోండి

నిన్నటి దాకా ‘వెంట్’ అన్న బిడ్డ ఈ రోజు ‘గోయెడ్’ అంటే వెనక్కు పోయిందని బెంగపడకండి. నిన్న అది విన్న మాటను తిరిగి పలికింది, ఈ రోజు భూతకాలానికి ఒక నియమం ఉందని కనుగొంది. 1958లో జీన్ బెర్కో పిల్లలకు ఒక పక్షి వంటి బొమ్మను చూపి దాని పేరు ‘వగ్’ అని చెప్పి, అటువంటివి రెండు ఉంటే ఏమంటారని అడిగింది. అంతకుముందు ఎన్నడూ వినని ఆ మాటకు పిల్లలు ‘వగ్జ్’ అని సరిగా బహువచనం చేశారు. విన్న మాటలను దాచుకోవడమే నేర్చుకోవడమైతే ఇది సాధ్యమయ్యేది కాదు. ‘గోయెడ్’ వంటి తప్పులు మనకు కొట్టొచ్చినట్లు వినిపిస్తాయి గాని, నిజానికి అసక్రమ భూతకాల రూపాలు వాడిన సందర్భాల్లో అవి సగటున నూటికి అయిదు కూడా ఉండవు. వినికిడి లోపం ఉన్న బిడ్డ నోట ఇటువంటి తప్పు వింటే నాకు ఎంతో సంతోషం కలుగుతుంది, నియమం చేరిందనడానికి అదే గుర్తు.

‘నో’, ‘నాట్’ విషయంలోనూ ఇదే. ‘నో గో’ తరువాత ‘ఐ నో వాంట్’, ఆ తరువాత ‘ఐ డోంట్ వాంట్’ వస్తాయి. ప్రశ్నల్లో ‘వాట్ హీ కెన్ డూ?’ అనే దశ ఒకటి ఉంటుంది. అవి వాటంతట అవే సర్దుకుంటాయి.

బధిర పిల్లల్లో ప్రత్యేకంగా గమనించవలసిన తీరు ఒకటి ఉంది. ఇంగ్లీషు వాక్యంలో ముందు చేసేవారు, తరువాత క్రియ, తరువాత ఆ పని ఎవరి మీద జరిగిందో వారు వస్తారన్నది బలమైన అలవాటు. చిన్న చిన్న మాటలు చేరని బిడ్డ ఆ ఒక్క అలవాటు మీదే ఆధారపడి వాక్యాన్నంతా చదువుతుంది. ‘ద బాయ్ వాజ్ హెల్ప్‌డ్ బై ద గర్ల్’ అన్న వాక్యంలో ‘వాజ్’, ‘బై’ కనబడనట్లే దాటిపోయి, అబ్బాయే అమ్మాయికి సాయం చేశాడని అర్థం చేసుకుంటుంది. ‘ద బాయ్ హూ కిస్డ్ ద గర్ల్ ర్యాన్ అవే’ అన్న వాక్యంలో ‘గర్ల్’ పక్కనే ‘ర్యాన్’ ఉంది కనుక పారిపోయింది అమ్మాయి అనుకుంటుంది. 1970లలో స్టీఫెన్ క్విగ్లీ బృందం అమెరికాలోని బధిర విద్యార్థులను పరీక్షించి ఈ తీరును వివరంగా నమోదు చేసింది. ఆ పరీక్షల్లో సగటున పద్దెనిమిదేళ్ల బధిర విద్యార్థి కంటె ఎనిమిదేళ్ల వినే బిడ్డ మెరుగుగా చేసింది. ఆ తరం పిల్లల్లో చాలామందికి ఏ భాషా పసితనంలో పూర్తిగా అందలేదన్న సంగతిని మరచి ఈ అంకెను చదవకూడదు. అది ఆ పిల్లల తెలివికి కొలత కాదు.

ఇంప్లాంట్ ఉన్న పిల్లల్లో వరుసే కొంత మారుతుంది. 2002లో మారియో స్విర్‌స్కీ బృందం చూసినప్పుడు, వాళ్లకు స్పష్టంగా వినిపించే ‘ఈజ్’, ‘ఆర్’ ముందు వచ్చాయి, బహువచనపు ‘స్’ తరువాత, భూతకాలపు ‘డ్’ ఇంకా తరువాత వచ్చాయి. వినే పిల్లల్లో బహువచనమే ముందు వస్తుంది. కనుక మీ నమూనాలో ఈ తారుమారు కనిపిస్తే వినికిడి పరీక్ష ఫలితాలతో కలిపి చూడండి.

ఆరవ మెట్టు: దిద్దకుండా జవాబివ్వండి

తల్లిదండ్రులు సాధారణంగా బిడ్డ మాటలోని నిజాన్ని దిద్దుతారు, వ్యాకరణాన్ని కాదు. 1970లో బ్రౌన్, హాన్‌లన్ ఈ విషయాన్ని చూపారు. అయినా పిల్లలకు వ్యాకరణం వస్తుంది. వ్యాకరణాన్ని దిద్దబోయిన ఒక తల్లి సంభాషణను డేవిడ్ మెక్‌నీల్ నమోదు చేశాడు. బిడ్డ ‘నోబడీ డోంట్ లైక్ మీ’ అన్నాడు, తల్లి ‘నోబడీ లైక్స్ మీ’ అనమంది. అలా ఎనిమిది సార్లు జరిగాక బిడ్డ ఎంతో శ్రద్ధగా ‘నోబడీ డోంట్ లైక్స్ మీ’ అన్నాడు. బిడ్డ చెప్పదలచిన బాధ మాత్రం ఆ సంభాషణలో ఎవరికీ వినిపించలేదు. తన దగ్గర ఉన్న నియమానికి ఆ బిడ్డ ‘స్’ను కలుపుకోగలిగాడు, అంతకు మించి ఆ రోజు అతనికి సాధ్యం కాలేదు.

దీనికి బదులుగా బిడ్డ చెప్పిన విషయాన్నే అందుకొని, సరైన రూపంలో, కొంచెం పెంచి తిరిగి చెప్పండి. బిడ్డ ‘డాగీ రన్ యెస్టర్‌డే’ అంటే ‘యెస్, ద డాగీ ర్యాన్ వెరీ ఫాస్ట్ యెస్టర్‌డే’ అనండి. తిరిగి పలకమని అడగకండి. సంభాషణ ముందుకు సాగనివ్వండి.

వినికిడి లోపం ఉన్న బిడ్డతో మాట్లాడేటప్పుడు ఇంకొన్ని పనులు చేయాలి. మీకు ముఖ్యమైన చిన్న భాగం వాక్యం చివర పడేలా వాక్యాన్ని మలచండి, అక్కడ అది సాగి వినిపిస్తుంది. ‘ద క్యాట్స్ ఆర్ స్లీపింగ్’ కంటె ‘లుక్ ఎట్ ద క్యాట్స్’ అన్నప్పుడు ఆ ‘స్’ బిడ్డకు దొరికే అవకాశం ఎక్కువ. ‘హీజ్ కమింగ్’ అని కుదించకుండా ‘హీ ఈజ్ కమింగ్’ అని పూర్తిగా పలకండి. భూతకాలాన్ని మొదట ‘వెంట్’, ‘ఫెల్’, ‘బ్రోక్’ వంటి, మాట రూపమే మారే క్రియలతో పరిచయం చేయండి. ‘వాక్డ్’ చివరి శబ్దం కంటె ఆ మార్పు చెవికి చాలా పెద్దది. అయితే కేకలు పెట్టి, మాటలను ముక్కలు చేసి పలకడం మంచిది కాదు, దానివల్ల వాక్యపు సహజమైన లయ పోతుంది, ఆ లయ కూడా వ్యాకరణానికి ఆనవాలే.

ఏడవ మెట్టు: సంకేత భాషను ఇంగ్లీషు పక్కన నిలబెట్టండి

అమెరికన్ సంకేత భాష, బ్రిటిష్ సంకేత భాష రెండు వేర్వేరు భాషలు. అక్షరాలను చూపే పద్ధతి కూడా ఒకటి కాదు, అమెరికన్‌లో ఒక చేత్తో, బ్రిటిష్‌లో రెండు చేతులతో చూపుతారు. వీటిలో ఏదీ చేతుల మీదికి ఎక్కిన ఇంగ్లీషు కాదు. అమెరికన్ సంకేత భాషకు దాని సొంత నిర్మాణం ఉందని 1960లో విలియం స్టోకీ చూపాడు. అందులో కాలాన్ని సాధారణంగా మొదట ఒక సైగతో స్థిరపరుస్తారు, తరువాత ప్రతి క్రియకూ ప్రత్యయం తగిలించనక్కర లేదు. ఎవరు ఎవరికి ఇచ్చారన్నది చెయ్యి కదిలిన దిశను బట్టి తెలుస్తుంది. ప్రశ్నను కనుబొమ్మలు చెబుతాయి. ఈ వ్యాకరణాన్ని కూడా బధిర పిల్లలు దశల వారీగా, తప్పులు చేస్తూనే నేర్చుకుంటారు. ‘నేను’, ‘నువ్వు’ అన్నవి వేలు చూపడమే అయినా, చిన్న వయసులో వాటిని తారుమారు చేసే దశ కనిపిస్తుందని పెటిటో గమనించింది. వినే పిల్లల్లో కొందరు ‘ఐ’, ‘యూ’ తారుమారు చేసినట్లే.

నోటితో ఇంగ్లీషు మాట్లాడుతూ అదే వరుసలో చేతులతో సైగలు చేయడం చాలామందికి సులభమైన దారిగా కనిపిస్తుంది. దాని ఇబ్బంది ఏమిటంటే, ఒక సైగకు ఒక మాటకు పట్టే సమయం కంటె దాదాపు రెండింతలు పడుతుంది. దీన్ని 1972లోనే అర్సులా బెల్లూగీ, సూసన్ ఫిషర్ కొలిచారు. సంకేత భాష ఒకేసారి చెయ్యి, ముఖం, దిశ మూడింటినీ వాడుకొని ఆ సమయాన్ని సరిచేసుకుంటుంది. నోటి వేగంతో పోటీపడే చేతులు మాత్రం తొందరలో ముందుగా వదిలేసేవి ‘స్’, ‘డ్’, ‘ద’, ‘ఈజ్’ వంటి చిన్న భాగాలనే. ఇంగ్లీషు వ్యాకరణం చూపాలని చేసిన పని వ్యాకరణాన్నే జారవిడుస్తుంది. మీరు ఈ పద్ధతి వాడుతుంటే ఒకసారి మిమ్మల్ని మీరు వీడియో తీసి, శబ్దం ఆపి చూసుకోండి.

నేను ఇష్టపడేది రెండు భాషలనూ వేర్వేరుగా ఉంచి, వంతెన వేయడం. ఒక చిన్న కథను ముందు సంకేత భాషలో పూర్తిగా చెప్పండి. తరువాత అదే పేజీ మీద ఇంగ్లీషు వాక్యాన్ని వేలితో చూపండి. ముఖ్యమైన మాటను అక్షరం అక్షరంగా వేళ్లతో చూపండి, మళ్లీ సైగ చేయండి, మళ్లీ అచ్చులో చూపండి. ‘క్యాట్స్’లోని చివరి అక్షరాన్ని వేళ్లతో చూపినప్పుడు అది మిగతా అక్షరాలంత స్పష్టంగా కనిపిస్తుంది. చెవికి జారిపోయే ఆ చిన్న భాగం అచ్చులో ఎన్నడూ మసకబారదు. బధిర పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం పూర్తిగా దొరికే చోటు పుస్తకమే. అందుకే చదవడాన్ని బడి దాకా వాయిదా వేయకుండా, బొమ్మల పుస్తకాల వయసు నుంచే మొదలుపెట్టండి.

ఎనిమిదవ మెట్టు: కష్టమైన వాక్యాలను బొమ్మలతో ఆడించండి

‘వాజ్’, ‘బై’లతో వచ్చే కర్మణి వాక్యాలు, ‘హూ’తో కలిసే వాక్యాలు చదవడం వచ్చిన బధిర పిల్లలకు కూడా వాటంతట అవి రాకపోవచ్చు. ఇక్కడ మాత్రం నేరుగా నేర్పడాన్ని నేను సమర్థిస్తాను. ఒక అబ్బాయి బొమ్మ, ఒక అమ్మాయి బొమ్మ తీసుకోండి. రెండు కార్డుల మీద ‘ద బాయ్ పుష్డ్ ద గర్ల్’, ‘ద బాయ్ వాజ్ పుష్డ్ బై ద గర్ల్’ అని రాయండి. బిడ్డ ఒక కార్డు చదివి బొమ్మలతో చేసి చూపాలి. రెండింటినీ ఒకేలా చేస్తే తప్పని చెప్పకండి. మీరు రెండు వేర్వేరు ఆటలు ఆడి, ఏ కార్డు ఏ ఆటదో వెతకమనండి. ‘వాజ్’, ‘బై’ అన్న మాటలను వేరే రంగుతో రాసి, తేడా వాటిలోనే ఉందని బిడ్డ తానే కనిపెట్టేదాకా ఆగండి. ఒక బొమ్మకు బదులు ‘బాల్’ వంటి ప్రాణం లేని వస్తువును వాడితే అర్థాన్ని బట్టి ఊహించి చెప్పేస్తుంది కనుక, చేసేదీ చేయించుకునేదీ ఇద్దరూ ప్రాణం ఉన్నవాళ్లయ్యేలా చూడండి. కొన్ని వారాల తరువాత రంగును తీసివేయండి.

వీటికి తోడు, పెద్ద పిల్లలతో ఒక నోటుపుస్తకంలో రాత సంభాషణ పెట్టుకోండి. బిడ్డ ఒక వాక్యం రాస్తుంది, మీరు దిద్దకుండా, అదే రూపాన్ని సరిగా వాడుతూ జవాబు రాస్తారు. ‘యెస్టర్‌డే ఐ గో’ వంటి రాతకు ‘యూ వెంట్? హూ వెంట్ విత్ యూ?’ అన్న జవాబు ఎర్రసిరా కంటె ఎక్కువ నేర్పుతుంది, పైగా బిడ్డ మరునాడు కూడా రాయాలనుకుంటుంది.

మూడు నెలలకొకసారి నాలుగవ మెట్టులోని నమూనాను మళ్లీ తీసి, పాత అంకెల పక్కన కొత్త అంకెలు రాయండి. వినే బిడ్డ రెండేళ్లు నిండినా రెండు మాటలను కలపకపోతే, ముందు వినికిడి పరీక్ష చేయించి, తరువాత స్పీచ్ థెరపిస్టును కలవండి. సంకేత భాష పసితనం నుంచి పూర్తిగా అందుతున్న బధిర బిడ్డ విషయంలోనూ ఇదే గీతను పెట్టుకోండి, రెండేళ్లకు రెండు సైగలను కలపాలి. ఇంప్లాంట్ ఉన్న బిడ్డకు యంత్రం పనిచేయడం మొదలైన తేదీ నుంచి గడిచిన కాలాన్ని కూడా పక్కనే రాసుకొని, రెండు వయసులనూ చూసి నిర్ణయించమని నిపుణులను అడగండి. వెళ్లేటప్పుడు మీ పుస్తకాన్నీ రికార్డింగునూ వెంట తీసుకువెళ్లండి.